మూడూళ్ళ రాయి

యూనివర్సిటీ జీపు మురుగు డ్రెయిన్ కట్ట ఎక్కిన రోజే బాలశౌరికి అనుమానం పట్టుకుంది. డిసెంబరు తుఫానుకి నీళ్ళు పోయే దారిలేక వరి పనలు కుళ్ళిపోయినప్పుడు రానివాళ్ళు, ఎండలు మొదలయ్యాక టోపీలు పెట్టుకుని, భుజాన సంచులు తగిలించుకుని వచ్చారంటే ఊరికే రారు. ఎవరి మీదో ఏదో రాసుకుపోవడానికే వస్తారు. ఏడో తరగతిలో బడి మానేసిన దగ్గర్నుంచి బాలశౌరి చూసింది అదే. చేతిలో కాగితం పట్టుకుని వచ్చిన మనిషి ఏనాడూ తన ఇంటికి ఒక మంచి కబురు తేలేదు.

అది రెండువేల నాలుగో సంవత్సరం. చల్లపల్లి దాటి సముద్రం వైపు పోయే పల్లెల్లో, మురుగు డ్రెయిన్ వెంట రొయ్యల చెరువులు తవ్వినవాళ్ళు డ్రెయిన్‌ని కూడా కలిపేసుకున్నారనీ, అందుకే నీళ్ళు పోలేదనీ ప్రభుత్వం అనుకుంది. ఎవరెంత కలిపారో ఆకాశం నుంచి తీసిన ఫొటోలు చూసి పటం గీసి ఇమ్మని యూనివర్సిటీకి అప్పజెప్పింది. ఫొటోలు చదవడం భూగోళశాస్త్రం వాళ్ళకి తెలుసు, డ్రెయిన్ల సంగతి సివిల్ ఇంజనీరింగు వాళ్ళకి తెలుసు. అందుకని రెండు డిపార్టుమెంట్లూ కలిసి పనిచెయ్యాలన్నారు. పటంలో ఎవరి చెరువు డ్రెయిన్ భూమిలో పడిందో వాళ్ళ గట్టు వానల్లోపు పొక్లెయిన్‌తో కొట్టేస్తారు. అంతవరకూ ఊళ్ళో అందరికీ అర్థమైంది.

బాలశౌరికి ఉన్నది రెండున్నర ఎకరాల చెరువు. తండ్రి ఇచ్చిన వరిచేనే. అందరితోపాటు తనూ తవ్వించాడు. రెండుసార్లు తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్య తేలిపోయింది. మూడోసారి పంట నిలబడింది. ఇంకో రెండు నెలలు ఆగితే కాటాకి వచ్చే సైజు. ఈలోపు గట్టు తెగితే ఇక బాలశౌరికి చెరువూ లేదు, చేనూ లేదు, ఇంకోడి చెరువు మీద కాపలా ఉద్యోగమే.

చెరువుకి పడమటి మూల ఒక రాయి ఉంది. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసేచోట దొరలకాలంలో పాతిన సర్వే రాయి, నడుమెత్తు ఉంటుంది. దానికి అవతల డ్రెయిన్ భూమి, ఇవతల బాలశౌరిది. అతని తండ్రికి గానీ అతనికి గానీ పట్టాకంటే ఆ రాయి మీదే నమ్మకం.

జీపులోంచి ముందు సీటులో కూర్చున్నావిడ దిగింది. ఛాయాదేవి గారని, భూగోళశాస్త్రం మేడమ్. వెనక సీటులోంచి ఇంజనీరింగు తిరుపతిరావు గారు దిగాడు. దిగిన తర్వాత ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆవిడ మనుషులు కట్టకి ఇటు నడిచారు, ఆయన మనుషులు అటు నడిచారు. మధ్యాహ్నం ఆవిడ కారియరు తుమ్మచెట్టు కింద విప్పారు, ఆయన కారియరు వంతెన నీడలో విప్పారు. మంచినీళ్ళ క్యాన్లు కూడా రెండు.

జీపు నడిపే నవాబుది విజయవాడ. ఉయ్యూరు మీదుగా రోజూ వీళ్ళని తీసుకొచ్చి తీసుకెళ్ళడం అతని పని. బాలశౌరి అతనికి కొబ్బరిబొండాం కొట్టిచ్చి, మెల్లిగా కదిపాడు.

"ఏంది తమ్ముడూ, వీళ్ళిద్దరికీ పడదా?"

"ఒకే జీపులో రెండు కాపురాలన్నా" అన్నాడు నవాబు బొండాం ఎత్తుతూ. "దారిపొడుగునా ఆవిడేదన్నా చెప్పాలంటే నాతో చెబుద్ది, నేను వెనక్కి తిరిగి ఆయనతో చెప్పాలి. ఆయన వినే ఉంటాడు. అయినా నేను చెప్పాలి."

నవాబు చెప్పగా తెలిసింది, వాళ్ళ మధ్య ఒక ఒప్పందం కూడా ఉందని. నేల మీద ఏ గుర్తు కొలిచినా రెండు డిపార్టుమెంట్ల వాళ్ళూ దాని దగ్గర కలిసి నిలబడి, ఇద్దరూ సంతకం పెడితేనే అది లెక్కలోకొస్తుంది. ఒక్కళ్ళు తీసిన కొలత చెల్లదు. ఒకళ్ళ మీద ఒకళ్ళకి నమ్మకం లేక పెట్టుకున్న ఒప్పందమది. బాలశౌరికి అది విని నవ్వొచ్చింది. ఇంత చదువుకుని వీళ్ళు చేసింది తాము గట్టు తగాదాల్లో చేసేదే కదా అనుకున్నాడు. ఆ తర్వాత భయమేసింది. ఇద్దరు పోట్లాడుకుంటుంటే మధ్యలో పోయేది తనలాంటివాడే.

ఆ రోజు సాయంత్రం ఛాయాదేవి గారు రంగుల ఫొటో చూపించి, చెరువు డ్రెయిన్‌కి బయటే ఉన్నట్టుందనీ, ఇంకా తేలలేదు గానీ కంగారు పడవద్దనీ చెప్పింది. ఆవిడ కంగారు పడవద్దు అన్నందుకు బాలశౌరి రాత్రి అన్నం సరిగా తినలేదు. మంచిగా మాట్లాడే ఆఫీసరుని అతను మరీ నమ్మడు.

పది రోజులు పోయాక తిరుపతిరావు గారు తన మనుషులతో విడిగా ఇంకో జీపులో వచ్చాడు. పాత సర్వే పటాన్ని ఫొటో మీద పరిచి తయారుచేసిన కొత్త పటం తెచ్చాడు. అందులో డ్రెయిన్ నీలం గీత సరిగ్గా బాలశౌరి చెరువు నడిమధ్య నుంచి పోతోంది.

"నీ చెరువు డ్రెయిన్లో ఉందయ్యా" అన్నాడాయన. "పాత డ్రెయిన్ ఇదీ. మీరంతా కలిసి దాన్ని పూడ్చి అవతలకి నెట్టేశారు."

"డ్రెయిన్‌ని నెట్టడానికి అదేమన్నా తోపుడుబండా అండీ? మా నాన్న పుట్టకముందు నుంచీ అక్కడే పారతంది."

"పటం చెబుతోంది" అన్నాడాయన, ఆ మాటతో పని అయిపోయినట్టు. నెల తిరక్కుండా తాము, జాగ్రఫీ వాళ్ళు కలిసి వచ్చి మూడూళ్ళ రాయి దగ్గర కొలుస్తామనీ, ఆ రాయే ఆఖరి మాట అనీ చెప్పి, అవతలి ఒడ్డున సుబ్బరత్నం గారింట్లో భోజనానికి వెళ్ళాడు.

బాలశౌరి మనసులో ముల్లు దిగింది అక్కడే.

సుబ్బరత్నం గారికి డ్రెయిన్‌కి అవతల ఒడ్డున వరసగా చెరువులున్నాయి. భర్త పోయాక ఒక్కతే చేయించుకుంటోంది. పనివాళ్ళ నుంచి ఐసు లారీ వాళ్ళ దాకా ఆవిడంటే హడల్. డ్రెయిన్ వెడల్పు చెయ్యాలంటే ఏదో ఒక ఒడ్డు కొట్టాలి. ఇటు కొడితే బాలశౌరి పోతాడు, అటు కొడితే ఆవిడ పోతుంది. మరి ఆ ఇంజనీరుకి ఆవిడింట్లో భోజనమెందుకు? ఆవిడింట్లో భోజనం చేసిన తర్వాతే తన చెరువు నీళ్ళపాలైందా, లేక అయ్యాక చేశాడా? ఏది ముందైనా ఒకటే. ఊళ్ళో టీ కొట్టు దగ్గర ఆ మాట పైకే అన్నాడు. ఆవిడ రొయ్యల వేపుడుతో డ్రెయిన్ దారి మార్చిందని అన్నాడు. విన్నవాళ్ళు నవ్వారు గాని, కాదని ఎవరూ అనలేదు.

ఆ మర్నాడు రాయి దగ్గరకి వెళ్ళి చూశాడు. రాయి చుట్టూ మట్టి కొత్తగా ఉంది. ఎన్నేళ్ళుగానో గడ్డి పట్టి బిగిసిపోయిన నేల గుల్లగా, పారతో తిరగేసినట్టుగా ఉంది. రాయి ఒక పక్కకి కాస్త ఒరిగినట్టు కూడా అనిపించింది.

ఇంటికొచ్చి భార్య రూతుతో చెప్పాడు.

"ఆవిడే జరిపించింది. రాయిని మన మీదకి తోయించింది. అందుకే పటంలో డ్రెయిన్ మన చెరువులోకి వచ్చింది."

రూతు బియ్యం ఏరుతూ తలెత్తలేదు. ఎవరన్నా చూశారా అని అడిగింది. మట్టి చూశానన్నాడు. మట్టి ఎవరన్నా తవ్వొచ్చు, ఆ మేడమ్‌నే అడుగు, లేదా ఆ జీపు కుర్రాణ్ణి అడుగు అంది. అడిగితే చెబుతారా అన్నాడు బాలశౌరి. అడిగినదానికి నిజం చెప్పేవాళ్ళయితే ఈ దేశం ఇలా ఎందుకుంటుందని ఇంకో పది మాటలు అన్నాడు. రూతు చేటలో రాళ్ళు ఏరి పారేసి లోపలికి పోయింది. ఆమెకి ఆ ఉపన్యాసం కొత్త కాదు.

ఆదివారం పొద్దున ఊళ్ళో సగంమంది చర్చిలో ఉంటారు, మిగతా సగం చల్లపల్లి సంతకి పోతారు. బాలశౌరి చెరువులో నీళ్ళు చిలికే తెడ్ల యంత్రం పాడైందని చెప్పి చర్చిలో పూజకి వెళ్ళలేదు. గునపం, పార, నాలుగు సరుగుడు దుంగలు పట్టుకుని కట్ట ఎక్కాడు. రాయి పైకి ఉన్నంత లోపలా ఉంది. తవ్వేసరికి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. గునపంతో ఎత్తి, దుంగల మీద దొర్లించి, డ్రెయిన్ వైపుకి ఒక తాడిచెట్టు పొడుగు దూరం తీసుకుపోయాడు. అది దొంగతనమని అతనికి అనిపించలేదు. ఆవిడ జరిపినదాన్ని తను వెనక్కి పెడుతున్నాడు, అంతే. ఎంత జరిపి ఉంటుందో అతనికి తెలియదు. అందుకని తనకి న్యాయమనిపించినంత పెట్టాడు. పాత గుంటలో చెరువు అడుగు బురద నింపి, తొక్కి, దాని మీదుగా గట్టు వెడల్పు చేసేశాడు. రెండెండలు కాశాక రాయి అక్కడ ఉండేదంటే అతనే గుర్తుపట్టలేనట్టుగా అయింది.

అక్కడ యూనివర్సిటీలో ఏం జరిగిందో నవాబు తర్వాత చెప్పాడు.

రెండు పటాలూ కంప్యూటర్లో ఒకదాని మీద ఒకటి పెట్టి చూశారట. కలవలేదు. ఆవిడ ఆయన్ని పాత పటాలతో ఆడుకుంటున్నారంది. ఆయన ఆవిడని బొమ్మలు చూసి జాతకం చెబుతున్నారన్నాడు. రైతుల దగ్గర తిన్నారని ఆవిడా, రైతులకి కొమ్ముకాస్తున్నారని ఈయనా అనుకునేదాకా వచ్చింది. రెండు రోజులు అలా గడిచాక ఛాయాదేవి గారి కంట ఒకటి పడింది. తిరుపతిరావు గారి పటంలో బాలశౌరి చెరువే కాదు, ఊళ్ళో చర్చి కూడా నీళ్ళలో ఉంది. నూరేళ్ళ నాటి చర్చి. దాని పక్కన బడి, ఆ పక్కన వంతెన, అన్నీ ఒకే దిక్కుకి ఒకే దూరం నడిచాయి.

"భూమి ఒకటేనంట గానీ, దానికి కొలబద్దలు రెండంట అన్నా" అన్నాడు నవాబు. "పాత సర్వే పటాలకి బ్రిటీషోళ్ళ కొలబద్ద. ఈ ఆకాశం ఫొటోలకీ, ఆవిడ చేతిలో యంత్రానికీ కొత్త కొలబద్ద. ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చుకుని గానీ కలపకూడదంట. ఆవిడేమో ఇంజనీర్లు మార్చే ఉంటారనుకుంది. ఆయనేమో మేడమ్ మార్చే ఇచ్చిందనుకున్నాడు. ఒక్క మాట అడిగితే పోయేది. మాటలుంటేగా అడగడానికి?"

ఆ తర్వాతి వారం జీపు వచ్చినప్పుడు ఛాయాదేవి గారూ తిరుపతిరావు గారూ వెనక సీటులో పక్కపక్కన కూర్చుని ఉన్నారు. కారియరు ఒకటే. ఆయన ఆవిడకి ఊరగాయ తెచ్చాడు, ఆవిడ ఆయన గొడుగు పట్టుకుంది. తప్పు తెలిసిన వాళ్ళలా లేరు, పెళ్ళి కుదిర్చినవాళ్ళలా ఉన్నారు. రెండు డిపార్టుమెంట్ల కుర్రకారు కూడా కలిసిపోయి నవ్వుకుంటున్నారు. ఇద్దరూ కలిసి దీని మీద ఏదో పెద్ద వ్యాసం కూడా రాస్తారట.

"నీ చెరువు బయటే ఉందయ్యా" అన్నాడు తిరుపతిరావు గారు, తనే బయటకి తీసిపెట్టినట్టు. "పొరపాటు మాది. నీ గట్టుకీ డ్రెయిన్‌కీ మధ్య మాత్రం ఎక్కువ జాగా లేదు, ఫొటోలో అంత సన్నగా తేలదు. రాయి దగ్గర ఇద్దరం కలిసి ఒక్క రీడింగు తీసుకుంటే జాబితాలోంచి నీ పేరు తీసేస్తాం."

వాళ్ళని రాయి దగ్గరకి పోకుండా ఆపాలని చూశాడు బాలశౌరి. ముందు టీ తాగమన్నాడు. ఎండ తగ్గనివ్వమన్నాడు. వాళ్ళు నడిచారు. అతనూ వెనకాల నడిచాడు.

ఛాయాదేవి గారు అరచేతిలో పట్టే యంత్రాన్ని రాయి నెత్తిన పెట్టి, అంకెలు చూసి, సంచిలోంచి పాత అంకెలు తీసి చూసింది. మళ్ళీ పెట్టింది. మొహంలో నవ్వు పోయింది. మార్చి నెలలో తను ఇక్కడే పెట్టి చూసిన అంకెలు ఇవి కావంది. ఈ యంత్రానికి కాస్త అటూ ఇటూ ఉంటుంది గాని ఇంత ఉండదంది. తిరుపతిరావు గారు వంగి రాయి మొదలు చూశాడు. నేల పైకి జానెడు మేర రాయి నల్లగా, తడి ఇంకినట్టుగా ఉంది. అంతకాలం నేలలో ఉన్న భాగమది.

"ఈ రాయి తీసి పాతారు మేడమ్."

ఛాయాదేవి గారు బాలశౌరి వైపు తిరిగింది.

"బాలశౌరి గారూ, మీరేనా?"

అబద్ధమాడదామనే నోరు తెరిచాడు. కాని వచ్చింది ఇంకో మాట.

"ముందు జరిపింది నేను కాదండి. అవతలి ఒడ్డు ఆవిడ జరిపింది. నేను వెనక్కి పెట్టానంతే."

"ఆవిడ జరిపిందని మీకెవరు చెప్పారు?"

"చెప్పేదేముందండి, రాయి చుట్టూ మట్టి తిరగేసి ఉంది. నా కళ్ళతో చూశా."

ఆవిడ నవాబు వైపు చూసింది. నవాబు తలొంచుకున్నాడు.

"ఆ మట్టి నేను తవ్విందన్నా" అన్నాడు. "మేడమ్ కొలిచిన రోజు రాయి మీద నంబరు మట్టిలో కూరుకుపోయి కనపడకపోతే మేడమ్ తవ్వమన్నారు. మీరు ఆ రోజు మేతకని చల్లపల్లి వెళ్ళారు. తర్వాత చెబుదామనుకున్నా. మీరు అడగలేదు."

బాలశౌరి వాళ్ళ మధ్యలో నిలబడి చెరువు వైపు చూశాడు. తెడ్లు తిరుగుతున్నాయి, నీళ్ళు తెల్లగా ఎగురుతున్నాయి. పాత చోటు తను చూపిస్తానన్నాడు. వెళ్ళి గట్టు మీద ఒకచోట నిలబడి ఇక్కడే అన్నాడు. రెండడుగులు జరిగి, కాదు ఇక్కడ అన్నాడు.

"మార్చిలో తీసిన అంకెలు మీ దగ్గర ఉన్నాయి కదండీ. అవే రాసుకోండి" అని ఆవిడని బతిమాలాడు.

"అవి నేనొక్కదాన్నే తీసినవండీ. ఆయన సంతకం లేదు."

"ఇప్పుడు పెట్టమనండి. ఇద్దరూ కలిసిపోయారుగా."

తిరుపతిరావు గారు గొడుగు మూశాడు. ఆయన గొంతులో కోపం లేదు, దానికే బాలశౌరికి ఎక్కువ భయమేసింది.

"నేను చూడని రాయికి నేనెలా సంతకం పెడతానయ్యా? రేపు అవతలివాళ్ళు కోర్టుకెళ్తే నువ్వు జరిపావన్నది ముందు బయటపడుద్ది. అప్పుడు మేం గీసిన పటమంతా తప్పంటారు."

ఛాయాదేవి గారు ఆయనతో పక్కకి పోయి చాలాసేపు మాట్లాడింది. తిరిగొచ్చి ఒక దారి ఉందంది. రాయి జరిపారని ఇప్పుడే ఎవరికీ రాయరు. వానలయ్యాక సర్వే వాళ్ళు వచ్చి మళ్ళీ కొలిచేదాకా ఈ చెరువు తేలని జాబితాలో పడుతుంది. తేలనివాటిని కూడా వానల్లోపు కొట్టేయమనే ఉత్తర్వు. అయితే ఎదురొడ్డు రైతు వచ్చి, పాత రాయి ఫలానాచోట ఉండేదని చూపించి సంతకం పెడితే, తామిద్దరూ ఆ చోట నిలబడి ఒప్పుకుంటారు. నష్టం వచ్చే మనిషే చెబితే ఎవరూ కాదనలేరు.

ఎదురొడ్డు రైతంటే సుబ్బరత్నం గారే.

బాలశౌరి ఆ మధ్యాహ్నమే వంతెన దాటాడు. ఆవిడ షెడ్డు ముందు నవ్వారు మంచం మీద కూర్చుని, మేత బస్తాలు దింపిస్తోంది. ఇతన్ని చూసి కూర్చోమనలేదు, పొమ్మనలేదు. బస్తాలు దిగాక పనివాళ్ళని చెరువు మీదకి పంపింది.

"ఏవయ్యా, నా వేపుడు ఎలా ఉందంట టీ కొట్టులో?"

బాలశౌరి తల దించుకున్నాడు. జరిగిందంతా చెప్పాడు. మట్టి సంగతి, ఆదివారం సంగతి, నవాబు చెప్పిన మాట, ఒక్కటీ దాచలేదు. ఆవిడ మీద ఎందుకు అనుమానమొచ్చిందో కూడా చెప్పాడు. ఆవిడ మధ్యలో ఆపకుండా విన్నది.

"ఆ ఇంజనీరు మా మేనత్త కొడుకు. ఊరొస్తే మా ఇంట్లో తినక నీ ఇంట్లో తింటాడా?" అంది. "సరే, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావ్?"

"రాయి పాత చోటు చూపించండమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మీకు నష్టమని తెలుసు. అయినా అడుగుతున్నా."

సుబ్బరత్నం గారు డ్రెయిన్ అవతల బాలశౌరి చెరువు వైపు చూసింది. చేతిని కళ్ళకి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. మొదటిసారి చూస్తున్నట్టు చూసింది.

"చెబుదును" అంది. "అబద్ధమాడి నా గట్టు దక్కించుకుంటే, ఇక ఆ అబద్ధానికి కాపలా కాసుకోవడం దండగ. కానీ ఎక్కడ ఉందని చెప్పను? అక్కడ రాయి ఒకటుందని నాకు నువ్వు చెబితేనే తెలిసిందయ్యా."

"ముప్పై ఏళ్ళుగా ఎదురుగా ఉన్నారమ్మా."

"నా చెరువులు చూసుకోవడానికే నాకు పొద్దు చాలదు. నీ గట్టు మీద ఏ రాయి ఎక్కడుందో నేనెందుకు చూస్తాను?"

బాలశౌరి ఆవిడ మొహంలోకి చూశాడు. ఆవిడ రాత్రీ పగలూ ఆ రాయి మీదే కన్నేసి ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. నిద్రలో కూడా ఆవిడ ఆ రాయి చుట్టూ తిరుగుతున్నట్టే ఉండేది. ఆవిడ మొహంలో దాచుకున్నది ఏదీ కనపడలేదు. విసుగు, ఎండకి కాస్త అలసట, అంతే.

పోతూంటే ఆవిడ వెనక నుంచి, చోటు ఇదీ అని నువ్వు ముందు నాకు చూపిస్తే నేను వాళ్ళకి చూపిస్తానంది. బాలశౌరి ఆగాడు. మంచి మాటే. అయితే ఆ చోటు తనకి మాత్రం తెలుసా? పొద్దున గట్టు మీద రెండడుగులు అటూ ఇటూ జరిగి ఇక్కడ, కాదు ఇక్కడ అన్న మనిషి తనే. ఆవిడని కూడా తీసుకుపోయి తప్పు చోట నిలబెడితే తర్వాత ఆవిడ మాటా పోతుంది. వద్దమ్మా అని వంతెన ఎక్కాడు.

ఇంటి దగ్గర రూతు గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమందయ్యా?"

"రాయి ఆవిడెప్పుడూ చూడలేదంట."

"నమ్మావా?"

బాలశౌరి చెప్పులు విప్పి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"నమ్మాను" అన్నాడు.

వలలు తెప్పించాలా అంది రూతు. రొయ్య ఇంకా చిన్నదే, కొనేవాళ్ళు సగం ధర కూడా ఇవ్వరు. కానీ పొక్లెయిన్ ఏ రోజైనా రావచ్చు, గట్టు తెగాక ఆ సగం కూడా ఉండదు. ఐసు లారీకి కబురు పెట్టమన్నాడు బాలశౌరి. మర్నాడు తెల్లవారి తూము ఎత్తి, నీళ్ళు దిగుతుంటే వల పట్టినవాళ్ళతోపాటు తనూ మోకాటి లోతు బురదలోకి దిగాడు.